వంగి మాట్లాడే కిటికీ

జాతీయ సభలో ఆమెను తోటి సభ్యులు చాటుగా ‘ఎందుకమ్మ’ అనేవారు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. ప్రజలు ఎన్నుకోకముందు ఆమె చాలాకాలం ఫిజియోథెరపిస్టుగా పనిచేసింది. మనిషి గుమ్మంలోంచి నడిచొస్తుంటేనే నొప్పి ఎక్కడుందో పసిగట్టేది. ఎక్కడుందో తెలిశాక, ఎందుకు వచ్చిందో తెలిసేదాకా ఊరుకునేది కాదు. సభకు వచ్చాకా ఆ గుణం పోలేదు.

ఒకరోజు మధ్యాహ్నం అత్తగారు పింఛను కార్యాలయం నుంచి నడుము పట్టుకుని వచ్చి సోఫాలో కూలబడింది. ఏటా ఒకసారి అక్కడికి వెళ్లి, తాను ఇంకా బతికే ఉన్నానని చెప్పి రావాలి.

“బతికున్నానని చెప్పడానికి వెళ్తే సగం ప్రాణం అక్కడే పోయిందే” అంది.

“నేను తోడొస్తానన్నాగా అత్తయ్యా.”

“సభ్యురాలి అత్తనని ముందుకెళ్తే వెనకవాళ్లు పైకి నవ్వుతారు, కడుపులో తిట్టుకుంటారు. నాకెందుకా పాపం? అయినా వరుస ఏమంత పెద్దది కాదు. ఆ కిటికీ ఉంది చూశావూ, అది నా పొట్ట దగ్గరుంది. నడుం వంచాలి, మెడ తిప్పాలి, చెవి వాడికి అప్పగించాలి. ఏమన్నాడో వినపడక మళ్లీ వంగాలి. పెళ్లిలో కూడా ఇన్నిసార్లు ఎవరికీ వంగి దండం పెట్టలేదు.”

కోడలు ఆవిడ నడుముకు వేడినీళ్ల సంచి పెట్టింది కానీ, మనసంతా ఆ కిటికీ మీదే ఉంది. ఆ కిటికీల ముందు తనూ ఎన్నోసార్లు వంగింది. ఎందుకు వంగుతున్నానని ఒక్కసారీ అనుకోలేదు.

మర్నాడు తన కార్యదర్శిని వెంటబెట్టుకుని బయల్దేరింది. ఆ కార్యదర్శి నడివయసు ఆవిడ, ఏ పనికైనా ముందు నిట్టూర్చి తర్వాత చక్కగా చేసే రకం. ఇద్దరూ విద్యుత్తు కార్యాలయం చూశారు, లైసెన్సులిచ్చే చోటు చూశారు, పెద్దాసుపత్రి చీటీల కౌంటర్ చూశారు. అన్నిచోట్లా కిటికీ ఒకే ఎత్తులో ఉంది. అన్నిచోట్లా జనం వంగే ఉన్నారు.

“మొదట్నుంచీ ఇంతే మేడమ్” అన్నాడు ఒక గుమాస్తా.

“లోపలి డబ్బు కనపడకుండా అనుకుంటానండీ” అన్నాడు ఒక అధికారి.

“గాలి కోసం అనుకుంటా” అంది ఆసుపత్రి సూపరింటెండెంటు.

“అందరూ అనుకునేవాళ్లే. తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు” అంది కార్యదర్శి, కారెక్కుతూ.

ప్రశ్నోత్తరాల సమయంలో ఆమె లేచి ప్రజాసేవల మంత్రిని అడిగింది. కిటికీల ఎత్తుపై ప్రభుత్వానికి నిర్దిష్టమైన విధానం ఏదీ లేదని మంత్రి చదివాడు.

“విధానమే లేకపోతే అన్ని ఊళ్లలోనూ ఒకే ఎత్తు ఎలా వచ్చింది అధ్యక్షా?”

సభలో నవ్వులు లేచాయి. “రేపు గడపల ఎత్తు కూడా అడుగుతారు” అన్నాడు వెనక బల్లల నుంచి ఎవరో. మంత్రి కాసేపు కాగితాలు తిరగేసి, వాటిని పక్కన పెట్టేశాడు. “నిజం చెప్పాలంటే నాకూ తెలీదు. సభ్యురాలికి తెలిస్తే చెప్పమనండి, వింటాను” అన్నాడు.

ఆ సాయంత్రం భర్త టీ కలుపుతూ నవ్వాడు. “కొండను తవ్వి ఎలుకను పట్టిందంటారు నిన్ను.”

“పట్టనీయండి ముందు. ఏ ఎలుకో చూడొద్దూ?”

రెండురోజుల తర్వాత ఒక ఫోను వచ్చింది. అవతలి గొంతు ముసలిది, చిరాగ్గా ఉంది. “రేడియోలో విన్నాను. మీవాళ్లు నవ్విన కిటికీ నేను గీసిందే. తీరికుంటే రండి.”

ఆయన ప్రభుత్వ భవనాలకు నమూనాలు గీసి రిటైరైన ఇంజనీరు. వెళ్లేసరికి పెన్సిలు చెవిమీద పెట్టుకుని ఆమె కోసమే చూస్తున్నాడు. మంచినీళ్లయినా ఇవ్వకుండా బల్లకు అటువైపు కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. తను ఇటువైపు కూర్చున్నాడు.

“ఇప్పుడు నాతో మాట్లాడ్డానికి వంగాల్సి వచ్చిందా?”

ఆమె ఆయన వైపు చూసింది, బల్ల వైపు చూసింది. “జనం కూర్చునేవాళ్లా?”

“మరి? తను కూర్చుని ఎదుటి మనిషిని నిలబెట్టి మాట్లాడించడం ఎక్కడి మర్యాద? ప్రతి కిటికీ ముందూ నేలకు బిగించిన స్టూలు పెట్టించాను. కూర్చున్న మనిషి కళ్లకు సరిగ్గా ఎదురుగా కిటికీ. దేశమంతా ఆ నమూనాతోనే కట్టారు.”

“స్టూళ్లు ఏమయ్యాయి?”

“మీ సభలోనే ఒక మహానుభావుడు లేచి, తీసేదాకా కూర్చోలేదు. స్టూళ్లు పోయాయి. గోడలో కిటికీని ఎవరు పీకుతారు? అది అక్కడే ఉండిపోయింది.” ఆ మాజీ సభ్యుడెవరో కూడా చెప్పాడు. చెబుతున్నప్పుడు ఆయన మొహం వేపాకు నమిలినట్టయింది.

ఆమె ఆ పెద్దమనిషిని వెతుక్కుంటూ వెళ్లింది. జనం కూర్చుంటే ఓర్వలేని మనిషి ఎలా ఉంటాడో అని దారిపొడుగునా ఊహించుకుంది. తీరా చూస్తే ఆయన కూతురి ఇంటి వరండాలో పచ్చిబఠాణీలు ఒలుస్తున్నాడు. ఆమె ఎందుకొచ్చిందో చెప్పగానే పళ్లెం కొంచెం ఆమె వైపు జరిపాడు. ఇద్దరూ ఒలుస్తూనే మాట్లాడుకున్నారు.

“అవునమ్మా, నేనే తీయించాను. ఎందుకో చెప్తా విను. తెల్లారేసరికి దళారులు వచ్చి ఆ స్టూళ్లమీద కూర్చునేవాళ్లు. లేచేవాళ్లు కాదు. వాళ్ల చేతిలో ఏదో ఒకటి పెడితేనే నీ కాగితం కిటికీలోకి వెళ్లేది. మా అక్క నిండు గర్భిణి. వాళ్ల వెనక పొద్దంతా నిలబడి కళ్లు తిరిగి పడిపోయింది. నాకు ఒళ్లు మండింది. కూర్చునే చోటే లేకపోతే ఎంతసేపు ఉంటారో చూద్దామనుకున్నా. నిజంగానే పోయారు.”

“మంచి పనే కదండీ.”

“మంచి పనే. కానీ కిటికీ సంగతి నాకు తట్టలేదు చూశావూ. ముక్కు మీద ఈగను కొట్టబోయి ముక్కే కొట్టాను.” ఆయన చెయ్యి బఠాణీల మీద ఆగిపోయింది. “ఇన్నేళ్లు జనం నా మూలాన వంగారన్నమాట.”

ఆమె ఇంకో కాయ తీసుకుని ఒలిచింది. తప్పెవరిదో తెలుసుకుందామని వచ్చింది. ఒకాయన మర్యాద కోసం పెట్టాడు, ఇంకొకాయన న్యాయం కోసం తీశాడు. ఇద్దరి మీదా కోపం రావట్లేదు. పళ్లెం నిండేదాకా కూర్చుని లేచింది.

ప్రజాసేవల బిల్లు చర్చకు వచ్చిన రోజున ఆమె ఈ కథంతా సభకు చెప్పింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆ మాజీ సభ్యుణ్ని గౌరవంగా తలచుకుని, “వారు తమ కాలపు జబ్బుకు మందు వేశారు. మందు పనిచేసింది. దాని వల్ల వచ్చిన నొప్పిని మాత్రం తర్వాత ఎవరం చూడలేదు. ఏ సేవనైనా మార్చాక, మార్చినవాళ్లే వెళ్లి వరుసలో నిలబడి చూడాలని ఈ బిల్లులో ఒక్క వాక్యం చేర్చమంటున్నాను” అంది. భోజనాల వేళ దగ్గరపడటం వల్లో, మాట నచ్చడం వల్లో, సవరణకు ఎవరూ అడ్డు చెప్పలేదు. మంత్రి పింఛను కార్యాలయంలో ముందుగా కిటికీల ఎత్తు మార్చి చూద్దామన్నాడు. కిటికీలన్నీ పైకి లేపి, ముసలివాళ్ల కోసం ఒకటి మాత్రం కిందే ఉంచి దాని ముందు కుర్చీ వేశారు. దళారులు చేరకుండా నంబరుతో పిలిచే చీటీ ఉన్నవాళ్లే అందులో కూర్చోవాలన్నారు.

పని పూర్తయిన వారానికి ఆమె వెళ్లి వరుసలో నిలబడింది. జనం నిటారుగా నిలబడి మాట్లాడుతున్నారు. ఆమెకు సంతోషంగానే ఉంది. తన వంతు వచ్చాక లోపలి గుమాస్తాను చూసింది. మెడ కుడివైపుకు వాలి ఉంది, భుజం బిగుసుకుని ఉంది.

“మెడ ఎన్నాళ్ల నుంచి పట్టేసింది?” అని అడిగింది.

“కిటికీ పైకి పెట్టినప్పటి నుంచీ మేడమ్” అన్నాడు అతను, ఆమెవరో తెలియక. “మీరందరూ ఆకాశంలో ఉన్నారు. మేం పాత కుర్చీల్లోనే ఉన్నాం. పొద్దస్తమానం గడ్డాలు చూసి మాట్లాడుతున్నాం.”

ఆమె తానెవరో చెప్పుకుని, లోపలికి వెళ్లి అతని కుర్చీలో కూర్చుంది. నిజంగానే గడ్డాలు, చొక్కా గుండీలు, ఒకావిడ గొలుసు. ముఖం చూడాలంటే తల వెనక్కి వాల్చాల్సిందే. కిటికీకి ఇటువైపు కూడా ఒక నడుము, ఒక మెడ ఉంటాయని మొదట గీసిన ఇంజనీరుకు తట్టింది. ఆ తర్వాత వచ్చిన ఎవరికీ తట్టలేదు, తనతో సహా. బయట ఎవరో విసుక్కునేదాకా ఆమె ఆ కుర్చీలోంచి లేవలేదు.

ఇంజనీరుకు ఫోను చేసింది. ఆయన విసుక్కుంటూనే వచ్చాడు. విసుక్కుంటూనే లోపల గుమాస్తాల వైపు నేలమీద చెక్క అరుగు కట్టించాడు. కుర్చీలు అరుగెక్కాయి. ఇప్పుడు నిలబడ్డవాళ్ల కళ్లూ కూర్చున్నవాళ్ల కళ్లూ ఒక్క ఎత్తుకు వచ్చాయి.

మరోసారి వెళ్లినప్పుడు గుమాస్తా మెడ నిలువుగా ఉంది. ఆమె ఎవరో ఇప్పుడతనికి తెలుసు. పక్కన స్టూలు వేసి కూర్చోబెట్టాడు.

“ఎలా ఉంది?”

“మెడకి హాయిగానే ఉంది మేడమ్.” అతను ముందున్న కాగితాలు సర్దాడు. “ఒక్కటే ఇబ్బంది. ఇదివరకు ఏదైనా కాగితం తక్కువైతే తల దించుకునే ‘రేపు రండి’ అనేవాణ్ని. ఇప్పుడు ఎదురుగా కళ్లు కనపడుతున్నాయి. నోరు రావట్లేదు.”

“మరేం చేస్తున్నావు?”

“లేచెళ్లి ఆ కాగితం లోపలే ఉందేమో వెతుకుతున్నాను. సగంసార్లు ఉంటోంది.”

వరుసలోంచి ఒక పెద్దాయన ముందుకొచ్చి కాగితాలు అందించాడు. గుమాస్తా వాటిని తిరగేసి, ఆయన ముఖంలోకి ఒకసారి చూసి, లేచి వెనక గదిలోకి వెళ్లాడు. ఆమె ఆ కార్యాలయం మూసేదాకా అక్కడే కూర్చుని చూస్తూ ఉండిపోయింది.