మూడో చెరువు పాట

పొద్దున్నే ఊరంతా ముఖాలు కడుక్కుంటుంటే, వదిన ఆ నీళ్లకి ఎదురెళ్లేది. ఊరందరికీ ఆవిడ వదినే. మురుగంతా పైపుల్లో వచ్చి పడే మూడు చెరువులూ ఆవిడ చేతిలో ఉన్నాయి. మొదటిదాంట్లో నీళ్లు నల్లగా బుడగలు కక్కుతుంటాయి. రెండోదాంట్లో పాచి పట్టి పచ్చబడతాయి. మూడోదాంట్లో తేటపడ్డాక ఆవిడ చక్రం తిప్పి తలుపెత్తితే సరస్సులోకి పోతాయి. ఊరు తాగేది ఆ సరస్సు నీళ్లే. అందుకే కట్ట మీద ఆవిడ నడక చూడాలి, మహారాణులు కూడా అలా నడవరు!

జనం స్నానాల గదుల్లో ఏం కూస్తే అదీ నీళ్లతోపాటే వస్తుంది. కూనిరాగాలు, పళ్లు తోముతూ పెట్టుకున్న తగాదాలు, పుక్కిలింతలు అన్నీ కలిసి మొదటి చెరువు సంతలా ఉంటుంది. రెండోదాంట్లో తిట్లు అడుగుకి దిగిపోతాయి. మూడోదాంట్లో మిగిలేది పాట ఒక్కటే. పోస్ట్‌మాన్ పాట మాత్రం ఎన్ని చెరువులు దాటినా బాగుపడలేదు, పాపం.

వదిన ఆడపడుచుకి నత్తి. నలుగురిలో నోరు పెగలదు. కుళాయి తిప్పి గడియ పెట్టుకుంటేనే పాట, అదీ గొణుగుడు. అంత సన్నటి పాట రెండో చెరువు దాటేది కాదు. బడిలో పాటల టీచరు కావాలంటే ఆశపడి వెళ్లింది. హెడ్మాస్టరమ్మ ముందు "న... న..." దగ్గరే ఆగిపోయి, ఏడుస్తూ ఇంటికొచ్చి, స్నానాల గదిలో దూరి, మొట్టమొదటిసారి గొంతెత్తి పాడింది. వంటింట్లో వదిన చెయ్యి ఆగిపోయింది. ఆ పాటా ఆ ఏడుపూ కలిసి మొదటి చెరువులో పడ్డాయి.

హెడ్మాస్టరమ్మ మంచిది, సోమవారం మళ్లీ రమ్మంది.

"వ... వదినా, ఆలోగా నా పాటని స... సరస్సులోకి వదిలెయ్యవా? బడి ఒడ్డునే ఉందిగా, ఆవిడ వింటుంది. నేను నో... నోరు తెరవక్కర్లేదు," అంది ఆడపడుచు.

వదిన మొగుడూ వంత పాడాడు. "ఒక్కపూట చెరువుల మధ్య తలుపులన్నీ ఎత్తితే నీ సొమ్మేం పోయిందే? నా చెల్లెలి బతుకు కదా!"

వదిన ఒంటికాలి మీద లేచింది. "మొదటి చెరువు నీళ్లు సరస్సులోకా? రేపు ఊళ్లో పసిపిల్లలకి వాంతులు పట్టుకుంటే నువ్వెళ్లి చూసుకుంటావా? ఆలస్యం అమృతం విషం అంటారు అందరూ. నా చెరువుల దగ్గర ఆలస్యమే అమృతం, తొందరే విషం! ఎండ తగలాలి, మురికిని పాచి తినాలి, దిగాల్సింది అడుగుకి దిగాలి."

సోమవారం వచ్చింది, పోయింది. ఆడపడుచు బడికి వెళ్లలేదు. వదినతో మాట్లాడటమూ మానేసింది. వదినకి అన్నం సహించలేదు. వలతో తెట్టు తీస్తూ, ఆ పిల్ల నోటి దగ్గరి కూడు లాగేశానా అని రోజూ కుమిలిపోయింది. అయినా వేళ కాకుండా చక్రం మీద చెయ్యి వెయ్యలేదు.

నెల పైచిలుకు గడిచాక, ఓ ఉదయం ఆ పాట మూడో చెరువులో తేలింది. ఏడుపంతా వెనకే బురదలో ఉండిపోయింది. వదిన పరుగున వెళ్లి ఆడపడుచుని చెయ్యి పట్టి లాక్కొచ్చింది. సీసాలో నీళ్లు పట్టి వెలుతురుకి ఎత్తి చూసింది. ఎంత తేటగా ఉన్నాయని! చక్రం తిప్పింది.

పాట సరస్సంతా పరుచుకుంది. పడవవాడు తెడ్డు ఎత్తి పట్టుకుని అలాగే ఉండిపోయాడు. బడి మెట్ల మీద పిల్లలు అల్లరి ఆపేశారు.

"ఇ... ఇది నాదా? ఇంత బా... బాగుంటుందా?"

"నీది కాక పోస్ట్‌మాన్‌దా?"

పిల్లకి నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే నోరు తెరిచి, నీళ్ల మీది తన గొంతుకి తోడుగా పాడటం మొదలుపెట్టింది. ఊరంతా చూస్తుండగా పాడింది. పాటలో నత్తి రాలేదు.

హెడ్మాస్టరమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని కట్టెక్కింది. ఆ చిన్న ఊరికి పాటల టీచరుగా ఇంకెవరొస్తారు, ఉద్యోగం ఖాళీగానే ఉంది. "రేపు ఎన్నింటికి రాగలవమ్మా?" అనడిగింది.

"తొ... తొ..."

వదిన నోటిదాకా వచ్చిన మాటని పళ్ల బిగువున ఆపుకుంది. హెడ్మాస్టరమ్మా తొందరపెట్టలేదు.

"తొమ్మిదికి," అంది పిల్ల, తలెత్తి.

వదిన గర్వంగా చక్రం వైపు తిరిగి తలుపు ఇంకాస్త ఎత్తింది.