పెట్టె మీది తెల్లగుడ్డ

మా అత్తగారిని ఎవరైనా ఒక్క మాట అంటే నేను ఊరుకోను. అనాల్సినవన్నీ నేనే అంటాను, అది వేరే సంగతి. కోడల్ని, నాకా హక్కుంది. పంటి డాక్టరు దగ్గర కౌంటరులో కూర్చుని, పొద్దస్తమానం దవడలు పట్టుకుని వచ్చేవాళ్ళ విసుర్లన్నీ నవ్వుతూ భరించేదాన్ని. ఇంటికి వచ్చాక కూడా నోరు కట్టేసుకోమంటే ఎలా?

మా లూథరన్ సంఘంలో అందరూ ఆవిడను వస్త్రాల అమ్మగారు అంటారు. గుడిలో బలిపీఠం మీద పరిచే వస్త్రాలు ఉతికి, ఇస్త్రీ చేసి, కాలానికి తగిన రంగు మార్చడం ఆవిడ పని. ఈస్టర్ ముందు ఉపవాసాల రోజులైన శ్రమకాలమంతా ఊదారంగు. ఈస్టర్ ముందు గురువారం ఆరాధన అయ్యాక అన్నీ తీసేస్తారు. శుక్రవారం బల్ల బోసిగా ఉంటుంది. ఆదివారం తెల్లవారేసరికి తెల్లటి వస్త్రం మీద సిలువ కుట్టు మెరుస్తూ ఉండాలి. నేను కాపురానికి రాకముందు నుంచీ ఈ పని ఆవిడదే. గుడిలో ఉండే వస్త్రాల బీరువా తాళంచెవి ఆవిడ మెడలో ఉంటుంది. స్నానానికి వెళ్ళినా తీయదు.

మామయ్యగారు పోయి ఏడాది కావస్తోంది. ఆ తరవాత ఆవిడను పొద్దున్నే మంచం మీంచి లేపుతున్నది ఆ తాళంచెవే అని నాకు తెలుసు. "ఇవాళ ప్రసంగపీఠం గుడ్డ చూసుకోవాలి" అంటూ లేస్తుంది, ఆ వంకతో మొహం కడుక్కుంటుంది, ఆ వంకతోనే ఇంత తింటుంది. అలాంటి మనిషికి చూపు మందగించింది. డాక్టరు చూసి, ఇక కళ్ళజోడు మార్చినా లాభం లేదన్నాడు. క్రిస్మస్‌కు వస్త్రాన్ని తిరగేసి పరిచేసింది. సిలువ కుట్టు గోడ వైపుకు పోయింది. పాస్టరుగారు చూసీ చూడనట్టు ఊరుకున్నారు గానీ, స్త్రీల సమాజం ప్రెసిడెంటమ్మ ఊరుకుంటుందా? మీటింగులో అందరి ముందూ అనేసింది: "ఈసారి ఈస్టర్‌కి కూడా తేడా వస్తే ఇంక పెద్దావిడకి విశ్రాంతి ఇచ్చేద్దాం. తాళంచెవి ఇంకెవరికైనా అప్పచెబుదాం."

విశ్రాంతట! ఆ మాట విన్న రోజు మా అత్తగారు అన్నం ముందు కూర్చుని ముద్ద కలిపి, ఎత్తకుండానే చెయ్యి కడిగేసుకుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ ప్రెసిడెంటమ్మ అన్నదాంట్లో అబద్ధం ఏముంది? అదే అసలు బాధ.

శనివారం పొద్దున క్లినిక్‌కు సెలవు. నేను వంటింట్లో ఉన్నాను. స్నానాలగదిలో నీళ్ళ చప్పుడు ఆగిపోయింది.

"అమ్మాయ్, ఒకసారి ఇలా రా."

గొంతు చిన్నగా వచ్చింది. మా అత్తగారు నన్ను అలా పిలవదు. ఆవిడ పిలిస్తే పక్కింటివాళ్ళు కూడా పలుకుతారు. వెళ్ళి చూశాను. పెద్ద టబ్బు ముందు చిన్న పీట వేసుకుని కూర్చుంది. వేడినీళ్ళలో ఈస్టర్ వస్త్రం మునిగి ఉంది.

"ఇది తెల్లగానే ఉందిటే? నాకు కాస్త నీలంగా ఆనుతోంది. నీలిమందు ఎక్కువైందేమో."

నీలిమందు కాదు. నీళ్ళన్నీ ఊదారంగు. వస్త్రం కూడా అంతే. చెయ్యి పెట్టి దేవితే మడతలోంచి పట్టీ ఒకటి బయటికి వచ్చింది. గుడిలో పెద్ద బైబిలులో గుర్తుగా వేసే పట్టీ, శ్రమకాలపు ఊదారంగుది. గురువారం అన్నీ ఒకే మూటలో కట్టి తెచ్చింది కదా, అది తెల్లవస్త్రం మడతలోకి దూరింది. అంత వేడినీళ్ళలో రంగంతా వదిలేసింది.

అబద్ధం చెప్పాలని నోటిదాకా వచ్చింది. చెప్పి ఏం లాభం, రేపు పొద్దున్నే సంఘమంతా చూస్తుంది.

"ఊదారంగు అంటుకుంది అత్తయ్యా. ఇదిగో ఈ పట్టీ."

ఆవిడ ఆ పట్టీని తీసుకుని వేళ్ళతో తడిమింది. నాకు ఏడుపు వస్తే కోపంగానే బయటికి వస్తుంది. "నీళ్ళలో వేసే ముందు ఒక్కసారి నన్ను పిలిస్తే నోటి ముత్యాలు రాలిపోతాయా? పక్క గదిలోనే చచ్చానుగా!" అని అరిచాను. దానికి ఆవిడ తిరిగి ఒక్క మాట అనలేదు. అప్పుడు భయం వేసింది నాకు.

బ్లీచింగు తెచ్చి నానబెట్టాను. వస్త్రం మచ్చలు మచ్చలుగా తేలింది. గోరుచుట్టు మీద రోకలి పోటు. సరిగ్గా ఆ సమయానికి మా ఆయన వచ్చాడు. గుడిలో కీబోర్డు వాయిస్తాడు లెండి. టబ్బు వంక, వాళ్ళమ్మ వంక, నా వంక చూసి, "నాకు పాటల ప్రాక్టీసుంది" అన్నాడు.

"ఇప్పుడేగా ప్రాక్టీసు నుంచి వచ్చారు?"

"ఇంకోసారి ఉంది" అని చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా పోయాడు. కాపురం చేస్తున్నాను కాబట్టి అలవాటైపోయింది.

"కొత్త దుప్పటి ఉంది అత్తయ్యా, తెల్లది. కవరు కూడా విప్పలేదు."

"ప్రభువు బల్ల మీద దుప్పటి పరుస్తావా? పడుకోవడానికి వస్తాడనుకున్నావా ఆయన, లేవడానికి గానీ?" అంది. హమ్మయ్య, నోరు లేచింది అనుకున్నాను. అంతలోనే మళ్ళీ తల వంచుకుంది. "పోనీలే అమ్మాయ్. ప్రెసిడెంటమ్మ చెప్పింది నిజమే. నా పని అయిపోయింది. తాళంచెవి రేపు ఇచ్చేస్తాను."

బల్లకు సరిపోయే పొడుగు, తెల్లది, సిలువ కుట్టు ఉన్నది ఇంకేముంది గుడిలో? ఆలోచన వచ్చీ రాగానే నా నోరు ఆగిందా, ఆగదుగా.

"పెట్టె గుడ్డ ఉంది కదా!"

అనేశాక నాలిక కరుచుకున్నాను. మా సంఘంలో ఎవరైనా పోతే గుడిలోకి తెచ్చిన శవపేటిక మీద ఒక తెల్లగుడ్డ కప్పుతారు. కలవాడికీ లేనివాడికీ ఒకటే గుడ్డ. బాప్తిస్మంనాటి తెల్లబట్టకు గుర్తు అంటారు. దాన్నే అందరం పెట్టె గుడ్డ అంటాం. చివరిగా కప్పింది మామయ్యగారి మీద. దేవుని దయవల్ల ఆ తరవాత సంఘంలో ఎవరూ పోలేదు. ఆ గుడ్డను ఆ రోజు ఎలా మడిచి బీరువా అడుగున పెట్టిందో అలాగే వదిలేసింది మా అత్తగారు. ఉతకలేదు. మిగతా గుడ్డలన్నీ నెలనెలా ఎండలో వేసే మనిషి, దాని జోలికి మాత్రం పోలేదు. నేనూ అడగలేదు. నాకు నోరుంది గానీ మరీ అంత లేదు.

ఆవిడ పీట మీంచి లేచి, "పద" అంది.

గుడిలో కుర్ర పాస్టరుగారు బలిపీఠం పక్కనుండే వెస్ట్రీ గదిలో గోడకు ప్రసంగం చెప్పుకుంటున్నారు. జరిగినదంతా నేనే చెప్పాను. ఆయన తల గోక్కున్నారు.

"కూడదని ఎక్కడా రాసిలేదమ్మా. రేపు నేను చెప్పేదే ఆ గుడ్డ కింద వెళ్ళినవాళ్ళు మళ్ళీ లేవడం గురించి. కానీ అమ్మగారూ, అది మీరు చూడగలరా?"

"నాకు ఎలాగూ కనబడదుగా బాబూ" అంది మా అత్తగారు. ఆయనకు నవ్వాలో వద్దో తెలియలేదు పాపం.

ఇంటికి తెచ్చి విప్పాం. లోపలంతా తెల్లగానే ఉంది గానీ ఒక పక్క అంచుకు మట్టి ఎండిపోయి ఉంది. నేను చెప్పకముందే ఆవిడ వేళ్ళు అక్కడికి వెళ్ళాయి. ఆ రోజు వాన. గుడి బయటికి పెట్టె తెచ్చేసరికే ఎక్కడ చూసినా బురద. మోసేవాళ్ళ కాళ్ళు జారుతుంటే అంచు నేలను తాకింది. ఆ మట్టిని ఆవిడ గోటితో గీకలేదు. అరచేత్తో కప్పి అలాగే ఉంచింది.

"ఉతికితే ఇది పోతుందే" అంది.

పక్కన కూలబడి ఆవిడ భుజం పట్టుకుని ఏడ్చాను. మామయ్యగారంటే నాకు ప్రాణం. నా వంటకు వంక పెట్టని మగవాడు ఆ ఇంట్లో ఆయనొక్కడే.

ఆవిడ నా ఏడుపు అయ్యేదాకా ఆగింది. తరవాత కళ్ళు తుడుచుకుని, "లేచే మనిషికి మట్టెందుకులే. సబ్బు ఇలా ఇయ్యి" అంది. ఆ అంచును నన్ను ముట్టుకోనివ్వలేదు. తానే రుద్దింది. నీళ్ళు పోయడం, పిండడం, ఆరేయడం నాకు వదిలేసింది. ఇస్త్రీ నేను చేస్తుంటే పక్కన నిలబడి, "మడత పడింది, మళ్ళీ చెయ్యి" అంటూనే ఉంది. కనబడకుండా ఎలా తెలిసిందో ఆ తల్లికే తెలియాలి.

తెల్లవారేసరికి గుడి నిండిపోయింది. "ప్రభువు లేచెను!" అన్నారు పాస్టరుగారు. "నిజముగా ఆయన లేచెను!" అని గుడి కప్పు ఎగిరిపోయేలా అన్నాం. నా కళ్ళు మాత్రం ముందు వరసలో ప్రెసిడెంటమ్మ మీదే. ఆవిడ బలిపీఠం వంక చూసింది. కళ్ళు చిట్లించి ఇంకోసారి చూసింది. వెంటనే వెనక్కి తిరిగి నావైపు చూసింది. అయిపోయింది, కొంప మునిగింది అనుకున్నాను. అడిగితే వస్త్రం పాడుచేసింది నేనే అని చెప్పేద్దామని అప్పటికే నిర్ణయించుకున్నాను. ఈస్టర్ పూట అబద్ధం ఆడినందుకు దేవుడితో నేను తరవాత మాట్లాడుకుంటాను.

ప్రకటనలు చదవడం అయ్యాక పాస్టరుగారు "ఇంకెవరైనా..." అన్నారు. నేను నోరు తెరిచేలోపు మా అత్తగారు ముందు బెంచీ పట్టుకుని లేచింది.

"ఈస్టర్ వస్త్రం నేను పాడుచేశాను. చూపు ఆనలేదు. ఇప్పుడు బల్ల మీద ఉన్నది పెట్టె గుడ్డ. మావారి మీద కప్పినదే. మీ అమ్మల మీద, నాన్నల మీద, పిల్లల మీద కప్పినదే. శుభ్రంగా ఉతికి తెచ్చాను. ఎవరికైనా కష్టం కలిగితే నన్ను తిట్టండి, పాస్టరుగారిని అనకండి."

ఇంకా చెబుతుందేమోనని చూశాం. కూర్చుంది. ప్రెసిడెంటమ్మ తల వంచుకుని ఉంది. అప్పుడు గుర్తొచ్చింది నాకు: చదువుకుంటున్న కొడుకును ఆవిడ ఆ గుడ్డ కిందే సాగనంపింది. అయ్యో, ఎంత పని చేశాం!

ప్రభు భోజనానికి వరసలు కదిలాయి. ప్రెసిడెంటమ్మ మోకరించింది. రొట్టె తీసుకుంది, ద్రాక్షారసం గిన్నె అందుకుంది. పక్కవాళ్ళు లేచినా లేవలేదు. బల్ల వంకే చూస్తూ ఉండిపోయింది. తరవాతి వరసవాళ్ళు ఆవిడ చుట్టూ ఖాళీ చూసుకుని మోకరించారు, ఆ తరవాతివాళ్ళూ అంతే. మా ఆయన పాట అయిపోయినా ఆపకుండా మళ్ళీ మొదటి చరణం నుంచి ఎత్తుకున్నాడు. జీవితంలో ఒక్కసారి సమయానికి బుద్ధి పనిచేసింది.

ఆరాధన అయ్యాక ప్రెసిడెంటమ్మ నేరుగా మా దగ్గరికి వచ్చింది. మా అత్తగారు అప్పటికే మెడలోంచి తాళంచెవి తీసి పట్టుకుంది.

"ఇదిగోనమ్మా."

"నాకెందుకది?" అంది ప్రెసిడెంటమ్మ. కళ్ళు ఎర్రగా వాచి ఉన్నాయి. "పెంతెకొస్తు పండగ దాకా, ఈ యాభై రోజులూ ఈ గుడ్డ ఇలాగే ఉండనివ్వండి అక్కయ్యగారూ. దీన్ని చూస్తే మావాడి పెట్టే గుర్తొచ్చేది నాకు. ఇవాళ..." అని ఆగిపోయింది. మా అత్తగారి రెండు చేతులూ పట్టుకుని కాసేపు ఏడ్చింది. నేను పక్కకు తిరిగి ముక్కు చీదుకున్నాను.

"ఉతికేది మాత్రం ఇకనుంచి మా కోడలు" అంది మా అత్తగారు. "నేను పక్కన కూర్చుని తిడతాను."

"అది మీరు బాగా చేస్తారు" అంది ప్రెసిడెంటమ్మ, ఏడుస్తూనే.

అందరూ వెళ్ళాక బలిపీఠం దగ్గరికి వెళ్ళాం. జనం మోకరించి లేచేటప్పుడు ఒక పక్కకు జరిగింది గుడ్డ. మా అత్తగారు అటు కొస పట్టుకుంది, నేను ఇటు కొస పట్టుకున్నాను, సరిచేశాం. ఆవిడ అరచేత్తో అంచంతా నిమిరింది.

"గంజి ఎక్కువ పెట్టావు" అంది.

"సరే, వచ్చేసారి తగ్గిస్తాలెండి."

"తగ్గించు. నా మీద కప్పే రోజు ఇంత బిరుసుగా ఉంటే ఊరుకోను. లేచేటప్పుడు మొహానికి గీసుకుంటుంది."