చివరి సీటు దాకా

ప్యాంటు పొడవు తగ్గించుకోవడానికి వచ్చిన ఆవిడ కొలత ఇచ్చి ఊరుకోలేదు. లోపల బల్ల దగ్గర కూర్చుని భోంచేస్తున్న పెద్దాయన వైపు గడ్డంతో చూపించి, గొంతు తగ్గించి అడిగింది.

"ఆయన మీకేమవుతారు?"

"ఏమీ అవరండీ. ఉప్పు చూస్తారు," అంది కుట్టుపని చేసే ఆమె, పెదవుల మధ్య గుండుసూదులు అలాగే ఉంచుకుని.

"రోజూనా?"

"రోజూ వండుతాను కదండీ!"

ఆవిడకి ఆ జవాబు నచ్చలేదు. ప్యాంటు అక్కడే వదిలేసి, అనుమానం మాత్రం వెంట తీసుకెళ్లింది. ఆవిడ చెడ్డ మనిషేం కాదు. మనమందరం అడిగే ప్రశ్నే అడిగింది. ఇద్దరు మనుషులు ఒకచోట కనిపిస్తే, ఎవరు ఎవరికి ఏమవుతారో తేలేదాకా మన మనసు నిలవదు. అన్నో, అల్లుడో, ఆడపడుచో అని తేలితే సరే. ఏదీ కాదంటే మన చూపు మారిపోతుంది. ఆ చూపుకి భయపడి ముగ్గురు మంచివాళ్లు ఎంత తెలివితక్కువ పని చేశారో, దానివల్ల ఒక చిన్నపిల్ల ఎంత దూరం వెళ్లిపోయేదో చెప్పాలనే ఈ కథ.

ఆ కుట్టుపనామెను వీధిలో అందరూ కత్తెరక్క అనేవారు. నలభై దాటినా పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్లకి "కొలత కుదర్లేదు" అని చెప్పి నవ్వేసేది. ముందు గదిలోనే దుకాణం. కిటికీ పక్కన మిషను, మూలన బట్టలు వేసి చూసుకోవడానికి ఒక తెర, వెనక పడకగది, వంటగది, గుడ్డల మూటలు పెట్టుకునే చిన్న కొట్టు.

ఎదురింటి పెద్దాయన బస్సు డ్రైవరుగా పనిచేసి రిటైరైనవాడు. ఆయన గుసగుసలాడినా వీధి చివరికి వినపడుతుంది కాబట్టి హారన్ తాత అయ్యాడు. భార్య పోయాక ఆయన వంటగది తలుపు తీయడం మానేశాడు. రొట్టె, టీ, మళ్లీ రొట్టె. అది కనిపెట్టిన కత్తెరక్క ఒకరోజు గిన్నెతో వెళ్లి, "జలుబు చేసి నాలుక పనిచేయడం లేదు బాబాయ్, కూరలో ఉప్పు సరిపోయిందో లేదో కాస్త చూసిపెట్టండి," అంది. జలుబు ఎప్పుడో తగ్గిపోయింది. ఉప్పు చూడటం మాత్రం ఆగలేదు. అది సాకని ఆయనకి మొదటిరోజే తెలుసు. తెలిసినా, ప్రతిరోజూ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, ఎంతో ఆలోచించినట్టు తల పంకించి "కుదిరింది" అనేవాడు.

ఇక మూడో మనిషి అదే ఇంటి మేడమీద గదిలో ఉండే నర్సు. ఆసుపత్రిలో నైట్ డ్యూటీ. పగలు పడుకుందామంటే ఆమె గది పక్కనే వడ్రంగి దుకాణం. పొద్దున్నే ఆమె ఎర్రబడిన కళ్లతో కిందికి దిగి, కత్తెరక్క పడకగదిలో వాలిపోయేది. సుత్తి చప్పుడుకి పట్టని నిద్ర, చిత్రంగా, మిషను చప్పుడుకి ఇట్టే పట్టేసేది. మిషను ఆగిందంటే మాత్రం లేచి కూర్చునేది. ఆమె పడుకున్న రోజుల్లో కత్తెరక్క కుట్టడానికేమీ లేకపోయినా పాతగుడ్డ మీద ఊరికే మిషను తొక్కుతూ ఉండేది. ఆ సంగతి ఆమె నర్సుకి ఎప్పుడూ చెప్పలేదు.

అలాంటి ఇంట్లోకి ఒక పిల్ల రావడానికి కారణం హారన్ తాతకున్న ఒక అలవాటు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ, ఆఖరి స్టాపులో బస్సు ఆపాక ఆయన చివరి సీటు దాకా నడిచి, ప్రతి సీటు కిందకీ వంగి చూసేవాడు. "నిధేమైనా దొరికిందా గురూ?" అని తోటి డ్రైవర్లు ఆటపట్టించేవారు. గొడుగులు దొరికేవి, టిఫిన్ డబ్బాలు దొరికేవి, ఒకసారి కట్టుడు పళ్లు కూడా దొరికాయి. విరమణకి కొద్దికాలం ముందు ఒక సాయంత్రం, చివరి సీట్లో ముడుచుకుని నిద్రపోతున్న మూడేళ్ల పిల్ల దొరికింది.

ఎవరు వదిలి వెళ్లారో గానీ, వెళ్లేముందు పిల్ల చెప్పులు విప్పి, జత కలిపి సీటు కింద పెట్టి వెళ్లారు. వాళ్లని తిట్టాలని నోరు తెరిచినప్పుడల్లా హారన్ తాతకి ఆ చెప్పులు గుర్తొచ్చేవి. నోరు మూసుకునేవాడు.

పిల్ల లేచి, ఖాళీ బస్సు చూసి ఏడుపుముఖం పెట్టింది. ఆయన తన హారన్ గొంతుని ఎక్కడో దాచేసి, "భయపడకమ్మా. నేను చూశాగా," అన్నాడు.

ఎంత వెతికినా పిల్ల తాలూకువాళ్లెవరూ దొరకలేదు. పిల్లని శిశుగృహంలో చేర్చారు. ఆయన చూడటానికి వెళుతూ గౌను కుట్టమని కత్తెరక్కని అడిగాడు. గౌను సరిపోయిందో లేదో తానే చూడాలని ఆమె కూడా బయల్దేరింది. పిల్ల ఆమె ఒళ్లో కూర్చుని, ఆమె చొక్కా బొత్తాం ఒకటి పట్టుకుంది. వెళ్లే వేళ అయినా వదల్లేదు. చివరికి కత్తెరక్క ఆ బొత్తాం తెంపి పిల్ల చేతిలోనే పెట్టి ఇంటికొచ్చింది. ఆ రోజు నుంచి ఆ పిల్ల పేరు బొత్తాం.

గృహంవాళ్ల అనుమతితో ఆదివారాలు బొత్తాం కత్తెరక్క ఇంటికి వచ్చేది. వచ్చిందంటే బస్సాట. కుర్చీలు, పీటలు వరసగా వేసేవారు. తాత డ్రైవరు, నర్సు కండక్టరు, కత్తెరక్క ఎప్పుడూ చిల్లర ఇవ్వని ప్రయాణికురాలు. ఆఖరి స్టాపులో బొత్తాం ప్రతి కుర్చీ కిందకీ దూరి చూసి "ఎవరూ మిగల్లేదు!" అని అరిస్తే తప్ప తాత ఇంజను ఆపేవాడు కాదు.

అలా ఏడాది గడిచేసరికి కత్తెరక్క పిల్లని దత్తత తీసుకుంటానని అడిగింది. విచారణలన్నీ అయ్యాయి. చివరిగా అధికారిణి ఇల్లు చూడటానికి రావాలి. గృహంలో చోటు చాలడం లేదు. ఈసారి కుదరకపోతే పిల్లని చాలా దూరపు ఊళ్లో ఉన్న మరో గృహానికి పంపేస్తామని ముందే చెప్పారు.

సరిగ్గా అప్పుడే కత్తెరక్క అన్నయ్య వచ్చాడు.

"ఎవరు కన్నారో తెలియని పిల్ల. సరే, నీ ఇష్టం. కానీ ఇంట్లో ఈ సంతేంటే? వంటింట్లో ఆయన, పడకగదిలో ఆవిడ. వచ్చే అధికారి దీన్ని ఇల్లనుకుంటుందా, సత్రం అనుకుంటుందా? వీళ్లు మనకేమవుతారని చెబుతావ్?"

"అడిగితే ఉన్నదే చెబుతా."

"చెప్పు. పిల్లని ఇవ్వరు. అప్పుడు ఏడువు."

ఈ మాటలు వంటింట్లో ఉన్న హారన్ తాత విన్నాడు. ఆ పూట "కుదిరింది" అనలేదు. అన్నయ్య వెళ్లిపోయాక నర్సుని పక్కకి పిలిచి మాట్లాడాడు. ఇద్దరూ కలిసి వచ్చారు.

"అమ్మాయ్, ఆ ఒక్కరోజుకీ మేం ఉండం," అన్నాడు.

"బాబాయ్! నేను అబద్ధం ఆడను."

"ఆడమని ఎవరన్నారు? అడక్కపోతే చెప్పకు, అంతే. మమ్మల్ని చూసి పిల్లని ఇవ్వకపోతే, ఆ తరవాత నీ వంట నా గొంతు దిగుతుందా చెప్పు?"

"ఒక్క పూటే కదక్కా," అంది నర్సు. "నేను గుడ్డల కొట్లో పడుకుంటా. అధికారి మూటలు విప్పి చూడదుగా!"

ముగ్గురూ నవ్వారు గానీ, ఎవరి నవ్వూ ఎక్కువసేపు నిలవలేదు. తనంతట తాను వాళ్ల సంగతి ఎత్తనని కత్తెరక్క మాటిచ్చింది.

అధికారిణి వచ్చే రోజు పొద్దున హారన్ తాత ఆ ఇంట్లో తాను రోజూ కూర్చునే చేతుల కుర్చీ మోసుకెళ్లిపోయాడు. కళ్లజోడు పెట్టె, చదరంగం బల్ల, పెద్ద టీ కప్పు అన్నీ ఎదురింటికి చేరాయి. నర్సు కోటు, దువ్వెన, మందుల డబ్బా కొట్లోకి వెళ్లాయి. ఇల్లు అద్దంలా మెరిసింది. కత్తెరక్కకి తన ఇంట్లో తనకే ఎక్కడ కూర్చోవాలో తెలియలేదు. నర్సుకి నిద్ర పట్టాలని మిషను ముందు కూర్చుని తొక్కడం మొదలుపెట్టింది.

అంతా సర్దేశాక హారన్ తాతకి పాత అలవాటు ఊరుకోలేదు. తమ వస్తువేదైనా మిగిలిపోయిందేమోనని మళ్లీ వచ్చి మంచాల కింద, బల్లల కింద వంగి చూశాడు. అంతలో గుమ్మం దగ్గర అడుగుల చప్పుడు. అధికారిణి చెప్పిన వేళకన్నా ముందే వచ్చేసింది. ఆయనకి వేరే దారి లేక చటుక్కున తెర వెనక్కి దూరాడు.

కత్తెరక్క లేచి నిలబడింది. మిషను ఆగింది.

అధికారిణి నడివయసు మనిషి. చాలా ఇళ్లు తిరిగిన కాళ్లు. ఆమె వేలు పట్టుకుని బొత్తాం. ఎప్పుడూ గుమ్మంలోనే "తాతా!" అని అరిచే పిల్ల, ఇవాళ గదంతా కళ్లతో వెతికింది.

"ఇల్లు శుభ్రంగా ఉంది," అంది అధికారిణి. ఆ మాట మెచ్చుకోలులా లేదు. "మీరొక్కరేనా ఉండేది?"

"నేనొక్కదాన్నేనండీ." అది నిజమే. రాత్రిళ్లు ఉండేది ఆమె ఒక్కతే. అయినా ఆ నిజం నోట్లో సూదిలా గుచ్చుకుంది.

"పిల్లకి జ్వరం వస్తే?"

"నేను చూసుకుంటాను."

"మీకు జ్వరం వస్తే?"

 జవాబులు తెర వెనక ఒకటి, గుడ్డల కొట్లో ఒకటి ఉన్నాయి. మాటిచ్చింది కనుక కత్తెరక్క చెప్పలేకపోయింది.

అధికారిణి నిట్టూర్చింది. "మీ మనసు మంచిదే అమ్మా. కానీ ఒక్కరితో పిల్ల పెరగడం కష్టం. నేను ఏం చెప్పాలో..."

ఇంతలో బొత్తాం ఆమె వేలు వదిలేసింది. "కుర్చీ ఏది?" అంది. వంటింట్లోకి తొంగి చూసి, "ఒక్క కప్పే ఉందేంటి?" అంది. ఆ తరవాత ఎవరితోనూ మాట్లాడకుండా, ఆఖరి స్టాపులో చేసే పని మొదలుపెట్టింది. బల్ల కింద చూసింది. మిషను కింద చూసింది. పీట ఎత్తి చూసింది. మూలన తెర కిందనుంచి రెండు అరిగిన చెప్పులు కనిపించాయి.

తెర లాగింది. తాత గోడకి అతుక్కుపోయి, ఊపిరి బిగబట్టి నిలబడి ఉన్నాడు.

"తాతా! నిన్ను మర్చిపోయారా?"

 పిల్ల రెండు చేతులతో ఆయన వేలు పట్టుకుని బయటికి లాగింది.

"భయపడకు. నేను చూశాగా," అంది.

 అప్పుడే కొట్టు తలుపు తెరుచుకుంది. జుట్టంతా రేగిపోయి, చెంప మీద మూట ముడి అచ్చు పడి, నర్సు సగం నిద్రలో నడిచొచ్చింది. "ఏమైందక్కా? మిషను ఆగిపోయిందేం?" అని, అధికారిణిని చూసి, "అయ్యో! నేను లేను కదూ," అంది.

అధికారిణికి నవ్వాపుకోవడం కష్టమైంది. "తెరల వెనక ఇంకెవరైనా ఉన్నారా?"

"లేరండీ. ఇంతే మేం," అంది కత్తెరక్క. 'మేం' అన్న మాట దానంతటదే వచ్చేసింది.

"మీరు ఈవిడకి ఏమవుతారు?" అని తాతని అడిగింది అధికారిణి.

"ఉప్పు చూస్తానండీ," అన్నాడాయన, తల వంచుకుని.

కత్తెరక్క ఇక ఆగలేకపోయింది. "ఇందాక మీరు అడిగినదానికి జవాబు చెబుతానండీ. పోయినసారి నాకు జ్వరం వస్తే ఈ అమ్మాయి సెలవు పెట్టి కూర్చుంది. బాబాయ్ పాలు కాచి తెచ్చారు. మాడ్చేశారు."

"కొంచెమే," అన్నాడు తాత.

"గిన్నె పారేశాం బాబాయ్," అంది నర్సు.

అధికారిణి పీట లాక్కుని కూర్చుంది. బొత్తాం తాత వేలు ఇంకా వదల్లేదు.

"చుట్టాల ఫోటోలు గోడనిండా వేలాడే ఇళ్లు చాలా చూశానమ్మా," అంది. "రాత్రి పిల్ల ఏడిస్తే నువ్వు లే అంటే నువ్వు లే అని వాదించుకునే ఇళ్లు వాటిలో ఉన్నాయి. ఇక్కడికి రాగానే నాకు భయం వేసింది. ఇంత శుభ్రమైన ఇంట్లో మనుషులు ఉండరని. మీరు దాచాల్సిందేమీ లేదు, చూపించాల్సిందే దాచారు. ఎవరికెవరు ఏమవుతారని అడగడం మా అలవాటు. కనపడకపోతే ఎవరు వెతుకుతారని అడగాలి. వెతికేవాళ్లే కుటుంబం. ఆ సంగతి ఈ పిల్లకి తెలుసు, మనకే తెలియలేదు. నేను చూసింది చూసినట్టు రాస్తాను. పైవాళ్లు కాదంటే వచ్చి మాట్లాడతాను. ముందు వెళ్లి ఆ కుర్చీ తెచ్చుకోండి."

పైవాళ్లు కాదనలేదు.

బొత్తాం ఆ ఇంటికి వచ్చేసిన రోజున అన్నయ్య కూడా వచ్చాడు. మేనమామ హోదాలో ఏం చేయాలో తెలియక గుమ్మంలోనే నిలబడ్డాడు. హారన్ తాత ఆయన్ని బల్ల దగ్గర కూర్చోబెట్టి గిన్నె ముందుకి జరిపాడు. "ఇవాళ మీరు చూడండి, ఉప్పు." అన్నయ్య మొదటి ముద్ద తిని, కళ్లెత్తకుండానే "కుదిరింది," అన్నాడు.

ప్యాంటు ఆవిడ ఈసారి గౌను గుడ్డతో వచ్చింది. కుర్చీల కింద పాకుతున్న పిల్లని చూసి, "ఈ పాప మీకేమవుతుంది?" అంది.

"మా అమ్మాయి."

"ఆయన?"

కత్తెరక్క నోరు తెరిచేలోపే కుర్చీ కిందనుంచి జవాబు వచ్చింది. "మా తాత! లోపల ఉన్నావిడ మా పిన్ని, ఇప్పుడు నిద్రపోతోంది, గట్టిగా మాట్లాడకండి!" అని, చివరి కుర్చీ కిందకి కూడా వంగి చూసి, "ఎవరూ మిగల్లేదు!" అని వీధంతా వినపడేలా అరిచింది బొత్తాం. ఆ గొంతు అచ్చం తాతదే.

ఎక్కడో ఏదో బస్సులో, ఏదో సీట్లో ఇంకా ఒకరు మిగిలే ఉంటారు. మన స్టాపు వచ్చిందని దిగిపోయేముందు, మనమూ ఒక్కసారి వెనక్కి తిరిగి చివరి సీటు దాకా చూద్దాం.