కొనగలిగినవాళ్ళు

గోడను అలా అరచేత్తో నిమిరేవాళ్ళు కొనరు, కొనేవాళ్ళు వేళ్ళు మడిచి కొట్టి చూస్తారు, అనుకుంటూ ఆమె వంటింటి గుమ్మంలో నిలబడి లిఫ్టు మెకానిక్కు భార్యను చూస్తోంది, ఆ అమ్మాయికి ఏడో నెల ఉంటుంది, ఒక చెయ్యి నడుముకు ఆనించుకుని, ఉయ్యాల ఇక్కడ వేసుకుందామండీ అంటోంది, మూడు ఆదివారాలుగా ఉయ్యాల అక్కడే వేస్తోంది, ఇస్త్రీ చొక్కాకు మెడ దాకా బొత్తాలు పెట్టుకున్న మెకానిక్కు అలాగేలే అంటున్నాడు, అతని అరచేతి గీతల్లో గ్రీజు నలుపు ఇంకా పోలేదు, హాల్లో సోఫా మీద దుప్పటి మడతపెడుతూ ఆమె భర్త, కాదు, ఏడు నెలల కిందటి దాకా భర్త, ఆ మూలకి గాలి బాగా వస్తుందమ్మా అని చెబుతున్నాడు, ఇల్లు అమ్ముతున్నవాడిలా కాదు, చుట్టాలకి చూపిస్తున్నవాడిలా.

విడాకులయ్యాక కూడా ఒకే కప్పు కింద ఏమిటే అని అక్క ఫోన్‌లో అడిగినప్పుడల్లా ఒకటే జవాబు, ఇల్లు ఇద్దరి పేరునా ఉందక్కా, అమ్ముడైతే చెరిసగం, అది చేతికొస్తే తప్ప ఇంకోచోట తలదాచుకునే దారి నాకూ లేదు, ఆయనకీ లేదు, అందుకని పడగ్గది ఆమెది, హాలు అతనిది, స్నానాల గది ముందు ఎదురుపడితే రైల్లో మనుషుల్లా పక్కకు తప్పుకోవడం, గోడ అవతల దగ్గు వినిపిస్తే లేచాడన్నమాట అనుకోవడం, అలా అనుకున్నందుకు తన మీద తనకే చిరాకు, ఏమండీ అనడం మానేశాక ఏమని పిలవాలో తెలియక పిలుపు లేకుండానే మాటలు, గ్యాస్ అయిపోయింది, కరెంటు బిల్లు వచ్చింది, ఎవరికో అన్నట్టు, గాలికి అన్నట్టు.

అడగాలి, ఇవాళైనా అడగాలి, మొహమాటపడితే మళ్ళీ బట్టల షాపాయన సంగతే అవుతుంది, నాలుగు మంచి మాటలు, కాస్త బయానా, లోను రేపొస్తుంది ఎల్లుండొస్తుందని ఐదు నెలలు తిప్పాడు, ఇంకెవరినీ గడప తొక్కనివ్వకుండా తామిద్దరూ కాచుకుని కూర్చున్నారు, తీరా చూస్తే పాత వాయిదాలు ఎగ్గొట్టినవాడట, ఇకనుంచి ముందు బ్యాంకు లెటరు, ఆ తర్వాతే ఇల్లు చూపించడం అని బ్రోకరమ్మ మొత్తుకుంది, ఇంత లోనిస్తామని బ్యాంకు రాసివ్వనివాళ్ళు చూడ్డానికొచ్చేవాళ్ళేనమ్మా, కొనడానికొచ్చేవాళ్ళు కాదు, సరే, గొంతు సవరించుకుని అడిగేసింది, బ్యాంకు లెటరు తెచ్చారా అండీ, మెకానిక్కు నేల చూశాడు, జీతం సగమే అకౌంట్లో పడుతుంది మేడమ్, మిగతాది చేతికిస్తారు, బ్యాంకువాళ్ళు అకౌంట్లో పడేదే చూస్తామంటున్నారు, రెండు నెలలు ఆగితే ఎలాగోలా సర్దుతాను, ఎలాగోలా అన్నప్పటి ఆ గొంతు ఆమెకు తెలుసు, తను పనిచేసే కళ్ళాసుపత్రిలో రోజూ వినేదే, అక్షరాల చార్టులో కింది వరుస కనపడకపోయినా ముందువాళ్ళు చదివింది విని గుర్తుపెట్టుకుని గబగబా చదివేవాళ్ళ గొంతు, కళ్ళజోడు తప్పదండీ అని తను చెప్పాక వాళ్ళ మొహాలు ఇలాగే ఉంటాయి, ఆ అమ్మాయి చెయ్యి గోడ మీదే ఉండిపోయింది, సోఫా దగ్గర్నుంచి అతను, పాపం, ఆగుదాంలే, రెండు నెలలే కదా అన్నాడు.

వాళ్ళు మెట్లు దిగుతున్న చప్పుడు వింటుంటే తట్టింది, షాపాయన్ని తెచ్చింది ఎవరు, ఇతనే, వీళ్ళను తెచ్చింది ఇతనే, బ్రోకరమ్మ తెచ్చింది ఒక్క పళ్ళ డాక్టర్ని, కవర్లో బ్యాంకు లెటరు పెట్టుకుని వచ్చాడు, గదులు చూడనైనా చూడలేదు, కారు పడుతుందా అని గేటు కొలుచుకుని వెళ్ళిపోయాడు, మర్యాద తెలియని మనిషి, మన ఇల్లు అలాంటివాడికా అన్నాడితను, మన అన్నాడు, తనూ అవునని తలూపింది, ఎందుకూపింది.

ఇల్లు మీరే ఉంచుకుని నా సగం నాకిచ్చేయొచ్చు కదా, అంది, ఏడు నెలల తర్వాత మీరు అనే మాట నోట్లో పరాయిగా తగిలింది, ఎంత లోనొస్తుందో కనుక్కోండి, కనుక్కున్నాను, అన్నాడు దుప్పటి అంచులు కలుపుతూ, ఎప్పుడు, కోర్టు నుంచి వచ్చిన మర్నాడే, మూడు బ్యాంకులు తిరిగాను, నీ సగంలో సగం కూడా రాదన్నారు, ప్రూఫులు దిద్దే ఉద్యోగం ఇంకెన్నాళ్ళుంటుందని నన్నే అడిగారు, నవ్వబోయి మానేశాడు, అంటే అందరికంటే ముందు ఈ ఇంటికోసం బ్యాంకుకి వెళ్ళినవాడూ, ముందుగా కాదనిపించుకున్నవాడూ ఇతనేనా, అందుకేనా తనలాంటివాళ్ళనే వెతికి తెస్తున్నాడు, తెలిసే తెస్తున్నాడా, తెలియకనా, అది అడగకుండా ఆమె ఇంకోటి అడిగింది, డాక్టరు లెటరుకి ఈ నెలాఖరు దాకే గడువుంది, ఆయనకే ఇచ్చేద్దామంటే సంతకం పెడతారా, పెడతాను, నువ్వు పెట్టమంటే పెడతాను.

నువ్వు పెట్టమంటే, అంత మెత్తగా అన్న మాట మెడకు చుట్టుకున్నట్టయింది, కోపంగా కాదంటే ఎంత బాగుండేది, పోట్లాడి వెళ్ళిపోయేది, ఇన్నాళ్ళూ తనను ఎవరో పట్టి ఉంచారనుకుంది, షాపాయన, బ్యాంకులు, ఇతను, ఎవరో ఒకరు వచ్చి తలుపు తీస్తారనుకుంది, విడాకులప్పుడు ఆఖరి మాట జడ్జి చెప్పాడు, ఇక్కడ చెప్పేవాళ్ళు లేరు, బ్రోకరమ్మ నంబరు ఫోన్‌లో పైనే ఉంది, నొక్కితే చాలు, నొక్కితే ఈ సోఫా ఎక్కడికి పోతుందో, ఇతను ఎక్కడికి పోతాడో, అదంతా తను చేసినదవుతుంది, తను వెళ్ళాలంటే ముందు ఇతన్ని ఖాళీ చేయించాలి, అది తన నోటితోనే చెప్పాలి, ఆ డాక్టరు కంటే మంచి కొనుగోలుదారు ఎవరూ రారు, అంతే.