చేట పట్టిన చెయ్యి

తప్పులుంటే మన్నించండి. ఈ అక్షరాలు నాకు తల నెరిసినాక వచ్చాయి. ఒక్కో మాట దగ్గర ఆగి, ఊపిరి పీల్చుకుని రాస్తాను. మీరూ మెల్లగానే చదవండి.

వాన.

షామియానా మీద వాన. లోపల ఐసుపెట్టె సన్నటి మోత.

పెట్టెలో గోవిందరాజన్. పక్కన భార్య, భాగ్యం.

కదిర్కామంలో ఆయన కట్టిన మేడ అది. నేలంతా పాలరాయి. ఎంత వానకూ ఒక్క చుక్క లోపలికి రాదు. వచ్చినవాళ్లందరికీ ఆ మాటే చెప్పేవాడు — ఒక్క చుక్క రాదు.

భాగ్యం కంట్లోనూ ఒక్క చుక్క రాలేదు.

వెనక చుట్టాలామె గొణిగింది.

"ఏడవదేంది ఈమె? బీరువా తాళాలు యాడ పెట్టిందో గ్యాపకం చేసుకుంటా ఉందా?"

"మెల్లగా అనవే. ఇనపడతాది."

"ఇనపడాలనే అన్నా."

ఉప్పళం నుంచి అంజలైని పిలిపించారు. చావింట్లో ఒప్పారి పాడి ఏడ్పించే మనిషి. తడిసిన కొంగు పిండుకుని భాగ్యం ఎదుట కూర్చుంది.

ఒప్పారి ఉత్తగాలిలో లేవదు. పోయిన మనిషి చేసిన మంచి ఏదో ఒకటి కావాలి... పొట్లతీగకు గుంజ కావలసినట్టు.

"అక్కా, ఒక్క మాట చెప్పు. ఆయన తన చేత్తో చేసింది. దాన్ని పట్టుకొని ఏడస్తా."

భాగ్యం పెట్టె అద్దంలోకి చూసింది.

కొడుకు శ్యామ్‌సుందర్ వంగి చెప్పాడు. "మేడలు కట్టినాడని పాడు. కాలాపేట పక్కన తోట కొన్నాడని పాడు. కారు గురించి పాడు."

"కారు మీద ఒప్పారి ఎత్తితే హారన్ మాదిరి ఉంటాది తంబీ."

ఎవరో నవ్వు మింగారు.

"అట్లయితే, దానం చేసినాడని పాడు."

"ఎవరికి?"

శ్యామ్‌సుందర్ బయటికి చూశాడు. వాన.

ఎత్తే వేళ దగ్గరపడుతోంది. పాట లేకుండా పోతాడు.

ఒక పాటకు సరిపడా మంచి కూడా లేకపోతే — ఇన్నేళ్లు తను ఎవరితో బతికినట్టు?

భాగ్యం వెతికింది. మనసులోనే మెట్లెక్కింది. గది గదీ తెరిచింది.

నగలు చేయించాడు. మెడలో వేయలేదు, పెట్టెతో సహా బీరువాలో పెట్టాడు.

చీరలు తెచ్చాడు. ఏ రంగు ఇష్టమని అడగలేదు.

పక్కనే పడుకున్నాడు. కళ్లు పైకప్పు కేసి — పైన ఇంకో అంతస్తు వేస్తే ఎట్లుంటుందని.

పాలరాయి. ఎటు చూసినా చల్లటి పాలరాయి.

ఇంకా వెనక్కి. మేడలు లేని చోటికి...

షామియానా చిరుగులోంచి చుక్క ఒకటి జారి వాకిట్లో ఇత్తడి చెంబులో పడింది.

టప్.

ఉప్పళం. బాడుగ గది. తాటాకు కప్పు. కొత్త కాపురం. పొయ్యి మీద ఎసరు. పైనుంచి చుక్కలు పడి మంట ఆరిపోతోంది. అతను గోడకున్న చేట తీసి, పొయ్యికి పైన పట్టుకుని నిలబడ్డాడు. మోచేతుల మీదుగా నీళ్లు కారుతున్నాయి.

"ఇంకా ఉడకలేదా? చెయ్యి పీకతా ఉంది."

"దించేయి అయితే."

"దించితే నువ్వేం తింటావు?"

నువ్వేం తింటావు, అన్నాడు.

గంజి వార్చేదాకా చేట దించలేదు.

భాగ్యం అంజలై చెవిలో చెప్పింది. అంజలై కళ్లు మూసుకుంది.

"చాలక్కా."

గొంతు లేచింది.

"చేట పట్టిన చెయ్యే... చెయ్యి దించని దొరా... పొయ్యి తడవకుండా నువ్వు తడిస్తివే... ఈ వానకు ఎవరు పట్టేరు నీకు..."

శ్యామ్‌సుందర్ ముఖం మాడింది. "అమ్మా, జనం ముందర ఆ గుడిసె కత ఎందుకు? ఆపమను."

భాగ్యం ఆపమనలేదు.

అప్పుడు ఏడ్చింది. పెట్టె మీద పడి ఏడ్చింది.

ఆ చెయ్యి ఇవాళ పోలేదు. మొదటి కాంక్రీటు పోసిన నాడే పోయింది. చుక్క రాని ఇంట్లో చేటకు పని లేదు. చేట పట్టే మనిషికీ పని లేదు. అప్పుడు ఎవరూ షామియానా వేయలేదు. ఎవరూ ఒప్పారి పాడలేదు. తనకూ తెలియలేదు — ఇంట్లో ఒక చావు జరిగిందని.

ఆ పాత చావుకు ఇప్పుడు ఏడుపు.

శవాన్ని ఎత్తారు. వాన నిలవలేదు.

మేడ కడిగారు. పాలరాయి ఆరింది. ఆమె ఆరలేదు.

మేడ వదిలి వచ్చి ఇప్పుడామె ఉండే గదికి రేకుల కప్పు. కారుతుంది. వాన పట్టిన పూట బియ్యం పొయ్యి మీద పెట్టి, చేట పైకెత్తి నిలుచుంటుంది. చెయ్యి పీకుతుంది. ఇంకా ఉడకలేదా అని అడిగేవాళ్లు లేరు. నువ్వేం తింటావు అని అడిగేవాళ్లు లేరు.

అయినా దించదు.

చేట మీద వాన...

టప్.

గో. భాగ్యం, వయసు అరవై ఎనిమిది. ఇప్పుడు ఉండేది ఉప్పళంలో, అంజలై ఇంటి పక్క గదిలో.