టీవీ ముందర కుర్చీ

తాళం వేసిన టీవీకి కూడా దుమ్ము పడుతుంది. ఆ దుమ్ము తుడిచే పని మాత్రం లీలాబాయిదే. భర్త కరుణాకర్‌రావు పత్తి మార్కెట్‌కు వెళ్లి, అత్త రుక్మాబాయి పూజలో కూర్చున్నాక, ఆమె పాత ధోవతి ముక్క పట్టుకుని హాల్లోకి వస్తుంది. టీవీకి కర్ర పెట్టె. పెట్టెకు రెండు పక్కల నుంచి జరిగి మధ్యలో కలుసుకునే తలుపులు. ఆ తలుపులకు ఇత్తడి తాళం. పైన తన పెళ్లికి ముందు అల్లిన లేసు గుడ్డ, దాని మీద ప్లాస్టిక్ గులాబీలు. గులాబీలు తుడుస్తుంది, తలుపులు తుడుస్తుంది, చివరికి తాళం కూడా తుడుస్తుంది. తాళంచెవి కరుణాకర్‌రావు స్కూటర్ గుత్తిలో ఉండి రోజూ మార్కెట్‌కు పోయి వస్తుంటుంది. తన కంటే ఆ తాళంచెవే జమ్మికుంటను ఎక్కువ చూసిందని ఒకనాడు తోచి, లీలాబాయి తనలో తానే నవ్వుకుంది. అత్త వినలేదు కదా అని వెంటనే మూతి బిగించుకుంది.

తాళం పడింది ఆమె ఏడుపు వల్ల.

రైతుల పత్తి కమీషన్ మీద అమ్మిపెట్టే అడ్తి వ్యాపారి ఇల్లంటే సగం హోటల్. పత్తి బండ్లు వచ్చే కాలంలో ఏ పూటకు ఎంతమంది తింటారో ఆ పూట గడిస్తే గాని తెలియదు. గేటు దగ్గరి నుంచే "లీలా, ఇంకిద్దరున్నరు" అన్న కేక వినబడితే, తనకని పక్కన పెట్టుకున్న కూర గిన్నె మళ్లీ బయటికి వస్తుంది. అందరూ తిని చేతులు కడుక్కుని వెళ్లాక, వంటిల్లు కడిగి, పొయ్యి తుడిచి, కొంగుతో మొహం ఒత్తుకుంటే మధ్యాహ్నం ఆమెకొక అరగంట మిగిలేది. సరిగ్గా ఆ అరగంటలోనే ఢిల్లీ నుంచి ఒక హిందీ సీరియల్ వచ్చేది. ఆదిలాబాద్ పిల్ల, మరాఠీ ఇళ్ల మధ్య పెరిగింది గనుక హిందీ ఆమెకు లెక్క కాదు. కథ కూడా పెద్దదేం కాదు. వసుధ అనే కోడలు, ఆమె పేర ఉన్న ఇల్లు, ఆ ఇంటి మీద మరుదుల కన్ను. అయినా లీలాబాయి కథ కోసం చూసేది కాదు. ఆ సీరియల్‌లో వసుధ ఏ మాటకో నొచ్చుకుని ఊరుకుంటే, తెర మీది బొమ్మ మెల్లగా ఆమె మొహం దగ్గరికి వచ్చేది. వచ్చి అక్కడే నిలబడేది. ఆమె ఏం మాట్లాడకపోయినా, కళ్లలో ఏముందో తెలిసేదాకా కదిలేది కాదు. దాని కోసం చూసేది. తన మొహాన్ని అంతసేపు ఎవరు చూశారని ఆలోచిస్తే పెళ్లిచూపులు తప్ప ఇంకేదీ గుర్తురాలేదు. అప్పుడు చూసింది కూడా రంగును.

ఒక మధ్యాహ్నం అలా చూస్తూ ఏడుస్తుంటే, కరుణాకర్‌రావు వరంగల్ వ్యాపారులిద్దరిని వెంటబెట్టుకుని హాల్లోకి వచ్చాడు. గేటు చప్పుడు ఆమెకు వినబడలేదు.

"ఏమైంది? మీ అవ్వగారింట్ల ఎవ్వరన్న పోయిండ్రా?" అన్నాడు గాబరాగా. ఆపైన తెర చూశాడు. తెర మీద వసుధ కూడా ఏడుస్తోంది. అతని గాబరా సిగ్గయింది, సిగ్గు వేళాకోళమయింది. "సూడుండ్రి సేట్ సాబ్, మా ఇంట్ల తిండికి తక్వ లేదు, బట్టకు తక్వ లేదు. ఏడ్సనీకి ఏం దొరక్క గీ డబ్బాను కొనుక్కొచ్చినం."

వాళ్లు నవ్వారు. లీలాబాయి తడి మొహంతోనే లేచి నీళ్లు తేవడానికి పోయింది. మర్నాడు తాళం పడింది. తాళంచెవి ఇమ్మని అడగవచ్చు. కాని అడగాలంటే సీరియల్ కావాలని నోటితో చెప్పాలి. పెళ్లీడుకొచ్చిన కూతురు హాస్టల్లో చదువుకుంటుండగా, నలభై దాటిన మనిషి బొమ్మల కోసం మొగుణ్ణి బతిమాలుకోవడం ఎట్లా? ఆమెకు ఆ కోరికే సిగ్గుగా అనిపించింది.

కొన్నాళ్లకు డాబా మీద బట్టలు ఆరేస్తుంటే సీరియల్ పాట వినబడింది, వెనక గల్లీలోంచి. కిష్టవ్వ ఇల్లు అది. కిష్టవ్వ బీడీలు చేస్తుంది. ఆమె భర్త రాయమల్లు మస్కట్‌లో ఉంటాడు, పోయిన ఏడాది వచ్చినప్పుడు రంగుల టీవీ తెచ్చాడు. వెనకట కిష్టవ్వ తల్లి ఈ ఇంట్లోనే వాకిలి ఊడ్చేది. కిష్టవ్వ కూడా చిన్నప్పుడు ఊడ్చింది. మొగుడు మస్కట్ పోయిననాడు మాత్రం, "ఇగ నేను చచ్చెదాక ఒగల వాకిలి ఊడ్వ" అని గల్లీ అంతా వినేటట్టు చెప్పింది. బీడీల గుమాస్తా తక్కువ తూచితే అతనితో ఉర్దూలో ఆమె పెట్టుకునే పోట్లాట డాబా మీది దాకా వినబడేది.

అత్త కునుకు తీశాక లీలాబాయి పెరటి తలుపు తీసింది. చింతపండు కోసం వచ్చానని చెబుదామనుకుంది. చెప్పే అవసరం రాలేదు. ఆమెను గడపలో చూడగానే లోపల బీడీలు చుడుతున్న ఆడవాళ్లంతా చాటలు పక్కన పెట్టి లేచారు. కిష్టవ్వ లోపలికి పరుగెత్తి ఇనుప మడత కుర్చీ తెచ్చి, పైటతో తుడిచి, నట్టనడుమ వేసింది. "కూసో దొర్సాని, కూసో."

ఆనాటి నుంచి అది ఆమె కుర్చీ. చిన్న గది, నిండా తునికాకు వాసన. ఆమె కుర్చీలో, వాళ్లు వెనక కింద. కళ్లు ఎక్కడున్నా వాళ్ల వేళ్లు ఆగవు. ఆకు చుట్టడం, తంబాకు కూరడం, దారం కట్టడం. ఎవరికి ఎందుకు నచ్చుతుందో వెనక నుంచి మాటలు వినబడేవి. "గా ఇంట్ల పొయ్యి ఏడున్నదో ఒక్కనాడన్న సూపిచ్చిండ్రా? గందుకే నాకు మంచిగనిపిస్తది," అనేది కిష్టవ్వ. ముసలి ఐలవ్వకు మాత్రం వసుధ అత్త నోరు మూతపడ్డప్పుడల్లా పండుగే. "పడ్డదా ముసల్దానికి? పడాలె," అని తొడ చరిచేది, తానూ అత్తేనన్న మాట మరిచి.

మధ్య మధ్య అడిగేవాళ్లు. "ఇప్పుడేమైతున్నది దొర్సాని? ఏం జేస్తున్నది వసుద? జర చెప్పు."

లీలాబాయి చెప్పేది. వాళ్ల కోసం ఒక్కో మాటను తెలుగులో పెట్టి, వసుధ ఎందుకు తల దించుకుందో, మరిది ఎందుకు అట్లా నవ్వాడో వివరించి చెప్పేది. ఇంట్లో ఇరవై ఏళ్లుగా ఆమెను ఎవరూ ఏదీ చెప్పమని అడగలేదు. ఉప్పు ఎక్కడుంది, ధోవతి ఎక్కడుంది అన్నవి తప్ప. ఇక్కడ తన హిందీ పదిమందికి పనికొస్తోంది. తను రాకపోతే వీళ్లకు కథే తెలియదు. ఆ గొప్ప ఆమెకు లోపల వెచ్చగా ఉండేది. ఎవరూ మంచినీళ్లయినా ఇవ్వరేమని ఒకసారి అనుకుంది గాని, దొర్సాని తమ ఇంట్లో తాగదని వాళ్లకు తెలుసునన్న సంగతి ఆమెకు తట్టలేదు.

వసుధ కోర్టుకెక్కిన రోజు హమాలీల సమ్మెతో మార్కెట్ మూసేశారు. బోనులో నిలబడి వసుధ నోరు తెరవబోతుండగా గల్లీలో స్కూటర్ ఆగింది. ఇంటికొచ్చి, పెరటి తలుపు తీసి ఉండటం చూసి వెతుక్కుంటూ వచ్చినట్టున్నాడు.

"లీలా!"

వెనక ఆడవాళ్లు కొంగులు తల మీదికి లాక్కుని లేచారు. కిష్టవ్వ టీవీ బంద్ చేసింది. కరుణాకర్‌రావు లోపలికి రాలేదు, స్కూటర్ మీదే కూర్చుని గడప అవతలి నుంచి చూశాడు. "ఈడ నీకేం పని?"

లీలాబాయికి ఆ రోజు వ్యాపారుల నవ్వు చెవుల్లో వినబడింది. బొమ్మల కోసం బీడీల ఇంటికి పోయిన దొర్సాని అని ఊరంతా అదే నవ్వు. ఆమె కుర్చీలోంచి లేచింది. పెరట్లో ఆరబోసిన ఎండుమిరపకాయలు గుర్తొచ్చాయి.

"మిరపకాయల తొడిమెలు తియ్యనీకి మనిషి గావాలె గద," అంది. "కిష్టవ్వను పిలువనీకొచ్చిన."

ఆ మాట నోరు దాటగానే ఆమెకు తెలిసింది ఏం అన్నదో. కిష్టవ్వ ఆమె వైపు చూసింది. కోపంగా కాదు. సీరియల్‌లో బొమ్మ దగ్గరికి వచ్చి ఆగినట్టు, ఆమె మొహం మీద చూపు నిలిపి ఊరుకుంది.

"పనిమనిషిని పిలువనీకి నువ్వే రావాల్నా? కబురు పెడ్తె రాదా?" అన్నాడు కరుణాకర్‌రావు. "ఏమే కిష్టవ్వా, మస్కట్ పైసలకు మా ఇల్లు యాది మర్చినవా?"

"లే దొరా. వస్త," అంది కిష్టవ్వ. "ఇప్పుడే వస్త."

ఆ మధ్యాహ్నమంతా కిష్టవ్వ పెరట్లో గోడ నీడన కూర్చుని మిరపకాయల తొడిమలు తీసింది. తాను గల్లీ వినేటట్టు పెట్టుకున్న ఒట్టును గల్లీ చూస్తుండగా తెంపుకుంది. ఒక్క మాట చాలు, "దొర్సాని రోజూ మా ఇంటికొస్తది" అంటే చాలు. అనలేదు. లీలాబాయి వంటింటి కిటికీ దగ్గర నిలబడి చాయ్ మరిగిస్తూ, ఆమె వంచిన మెడను చూస్తూ, బయటికి రాలేకపోయింది. పక్కన కూర్చుని నాలుగు కాయలు తానూ తీయొచ్చు. చాయ్ వడపోసి హాల్లోకి పట్టుకుపోయింది. సాయంత్రం రుక్మాబాయి మిగిలిన అన్నం, పులుసు గిన్నెలో పోసి గడప బయట పెట్టింది. కిష్టవ్వ తీసుకుంది. ఆ పొద్దున తన ఇంట్లో కోడికూర వండుకున్న మనిషి ఆ పులుసన్నం తీసుకుని, "వస్త దొర్సాని" అని వెళ్లిపోయింది.

"మంచిగ తీసింది. రేపు గూడ రమ్మను," అన్నాడు కరుణాకర్‌రావు.

ఆ రాత్రి లీలాబాయి అన్నం వడ్డించుకోకుండానే కంచం బోర్లించింది. టీవీ చూసి ఏడ్చినందుకు ఇన్నాళ్లూ సిగ్గుపడింది. ఆ సిగ్గంతా ఇప్పుడు పిల్లల ఆటలా కనిపించింది. అసలు సిగ్గు ఇట్లా ఉంటుందని, కడుపులో మిరపకాయ మంటలా ఉంటుందని తెలియదు.

మర్నాడు మధ్యాహ్నం భోజనం దగ్గర కరుణాకర్‌రావు అడిగాడు, "కిష్టవ్వ రాలేదా?"

"రాదు. ఆమె మనింటి పనిమనిషి కాదు," అంది లీలాబాయి. "నిన్న నేను అబద్ధం ఆడిన. మనిషి కోసం పోలే. టీవీ చూడనీకి పోయిన. రోజూ పోతున్న."

అతని చేతిలో ముద్ద ఆగింది. అత్త పూజ గది గడప దగ్గరికి వచ్చి నిలబడింది.

"బీడీలోళ్ల ఇంట్ల పోయి కూసుంటున్నవా? మనింటి ఇజ్జత్ ఏం గావాలె?"

"అది నిన్ననే పోయింది. మీరు సూడలే."

కరుణాకర్‌రావు ఎడమచేత్తో జేబులోంచి గుత్తి తీసి, అందులోంచి తాళంచెవి లాగి బల్ల మీద పడేశాడు. "ఇగో. ఇంట్లనే చూసుకో. ఎంత ఏడుస్తవో ఏడువు. ఇల్లు దాటకు."

ఇన్ని నెలలు ఊరంతా తిరిగిన తాళంచెవి ఆమె ముందు పడింది. నిన్నటి దాకా అయితే కళ్లకద్దుకునేదే. లీలాబాయి దాన్ని చూసింది. అతని కంచంలో పెరుగు వేసింది. చేతులు కడుక్కుంది. తాళంచెవిని బల్ల మీదే వదిలి, ఈసారి పెరటి తలుపు కాకుండా ముందరి గేటు తీసుకుని, ఎండలో చుట్టు తిరిగి గల్లీలోకి నడిచింది.

కిష్టవ్వ ఆమెను చూసి లోపలికి పోయి కుర్చీ తెచ్చి నట్టనడుమ వేసింది. ఆమె వేళ్లకు కొబ్బరినూనె, పసుపు రాసి ఉన్నాయి. ఎర్రగా ఉబ్బాయి. ఇవాళ ఆమె ముందర చాట లేదు.

"తప్పయింది కిష్టవ్వా," అంది లీలాబాయి. "నిన్న నిజం చెప్పేటంత ధైర్నం లేకపాయె. ఇయ్యాల ఇంట్ల చెప్పొచ్చిన."

"గదెందుకులే దొర్సాని. మేం చెయ్యని పనా?" అంది కిష్టవ్వ. తిట్టినా బాగుండేది.

కుర్చీలో కూర్చోవడానికి లీలాబాయికి మనసొప్పలేదు. దాన్ని మడిచి గోడకు ఆనించి, వెనక్కి పోయి ఐలవ్వ పక్కన నేల మీద చతికిలబడింది. ఎవరో "అయ్యో" అన్నారు. ఈలోగా సీరియల్ మొదలయింది. వసుధ బోనులో ఉంది. అలవాటు కొద్దీ లీలాబాయి చెప్పబోయింది, "ఆమె ఏమంటున్నదంటె..."

"సమజైతున్నది దొర్సాని," అంది ఐలవ్వ, కళ్లు తిప్పకుండా. "జర ఊకో. ఇయ్యాల మొత్తం కనబడుతున్నది."

లీలాబాయి గోడకానించిన కుర్చీ వైపు చూసింది. అది నిన్నటిదాకా ఉన్న చోటును చూసింది, ఆ వెనక వీళ్లంతా కూర్చున్న చోటును చూసింది.

"ఇన్నొద్దులు కనబడలేదా?" అంది మెల్లగా.

ఆకు చప్పుడు, దారం చప్పుడు.

"మరి ఏమైతున్నది చెప్పు, చెప్పు అని అడిగిన్రు గద. హిందీ రాదనుకున్న."

"బీడీల గుమాస్తతోని నేను దినాం ఏ భాషల కొట్లాడుత దొర్సాని?" అంది కిష్టవ్వ. గొంతులో కోపం లేదు, కళ్లు టీవీ మీదే ఉన్నాయి. "రాక అడగలే. కనబడక అడిగినం. ఇన్నొద్దులు మేం చూసింది నీ ఈపు."

తెర మీద బొమ్మ వసుధ మొహం దగ్గరికి వచ్చి ఆగింది. అందరూ ఆ మొహాన్నే చూస్తున్నారు. లీలాబాయి తన వెనక ఎవరైనా ఉన్నారేమోనని తిరిగి చూసి, ఇంకాస్త పక్కకు జరిగింది.