బుచ్చవ్వకు నేను నేర్పలేనిది

నేను ఒక సెల్‌ఫోన్‌ను. కొత్తదాన్ని కాదు, చేతులు మారి వచ్చినదాన్ని. ఎక్కడ పుట్టానంటే సరిగ్గా చెప్పలేను. ఒక పొడవాటి గది, నెత్తికి టోపీలు పెట్టుకున్న అమ్మాయిలు, నాలో మరలు బిగించిన సన్నటి వేళ్లు, అంతే గుర్తు. మాటలు మోయడానికి పుట్టిన నన్ను అంత నిశ్శబ్దంగా ఎందుకు తయారు చేశారో నాకిప్పటికీ అర్థం కాలేదు.

నా మొదటి యజమాని కరీంనగర్‌లో ఒక బట్టల దుకాణంలో చీరలు చూపించే మనిషి. పగలంతా నాతో చీరల ఫోటోలు తీసి గిరాకీలకు పంపేవాడు. నేను చూసినన్ని పట్టుచీరలు ఏ పెళ్లికూతురూ చూసి ఉండదు. ఒకనాడు మెట్ల మీద నన్ను జారవిడిచాడు. నా ముఖం అడ్డంగా పగిలింది. ఆయన అన్నం కూడా సరిగ్గా తినకుండా బాధపడ్డాడు. సరిగ్గా వారానికి నన్ను ఫోన్లు అమ్మే దుకాణంలో ఇచ్చేసి కొత్తదాన్ని తెచ్చుకున్నాడు. నేనేమీ నిష్ఠూరమాడటం లేదు. ఆయన చెయ్యి జారకపోతే నేను బుచ్చవ్వ చేతికి వచ్చేదాన్నే కాదు.

బుచ్చవ్వ ఒక చిన్న పట్నంలో మున్సిపాలిటీ వీధులు ఊడుస్తుంది. నలభై రెండేళ్ల మనిషి, అందులో పదహారేళ్లు చీపురుతోనే గడిచాయి. ఆమె బిడ్డ స్రవంతి టైలరింగ్ షాపులో జాకెట్లు కుడుతుంది. నన్ను కొని తల్లి చేతిలో పెట్టింది ఆ పిల్లే.

ఆ వానాకాలం ఆఫీసులో ఒక మాట చెప్పారు. చెత్త ఆటో నడిపే రాజలింగు దసరాకు పని నుంచి దిగిపోతున్నాడు. ఊడ్చే ఆడవాళ్లలో ఎవరైనా ఆలోగా లైసెన్సు తెచ్చుకుంటే బండి వాళ్లది. లేకపోతే బయటి మనిషిని పెట్టుకుంటారు. బుచ్చవ్వకు అప్పటికే దుమ్ముతో దగ్గు ముదిరింది. ఇంకో ఏడాది చీపురు పడితే ఊపిరితిత్తులు మిగలవని డాక్టరు చెప్పాడు. చీపురు వదిలితే కొలువు పోతుంది, పట్టుకుంటే ఊపిరి పోతుంది. మధ్యలో మిగిలింది ఆ ఆటో సీటు ఒక్కటే.

తాను నేర్చుకుంటానని ఆమె చెయ్యెత్తింది. పనివాళ్ల మీద పెత్తనం చేసే జవాను ఓదెలు నవ్వాడు.

"బండి నడుపుడంటే ఊడ్సుడనుకున్నవా? ఎన్నడన్న సైకిలన్న తొక్కినవా?"

"తొక్కలే సారూ. ఎవలన్న ఇస్తే గద తొక్కుడు!" అంది బుచ్చవ్వ.

ఆ సాయంత్రం స్రవంతి నాలోకి బండి నడిపే ఆట ఒకటి దించింది. "అమ్మా, ముందుగాల గీ ఆట నేర్చుకో. గీడ ఎన్నిసార్లు గుద్దినా ఎవ్వలేమనరు."

ఆ ఆటలో ఎడమ చేతి బొటనవేలి కింద బ్రేకు, కుడి బొటనవేలి కింద వేగం. నన్ను ఎటు వంచితే బండి అటు తిరుగుతుంది. ఆకాశం ఎప్పుడూ నీలంగా ఉంటుంది. గుంతలుండవు, బర్రెలుండవు, "ఏయ్ ఆడిదానా, పక్కకు జరుగు" అనే లారీవాళ్లుండరు. చెట్టును గుద్దితే తెర మీద 'మళ్లీ' అని ఒక మీట వెలుగుతుంది. నొక్కితే చెట్టు, బండి, మనిషి అందరూ క్షేమం.

మొదటి రోజు బుచ్చవ్వ నలభైసార్లు గుద్దింది. రెండో రోజు ముప్పై. నన్ను రెండు చేతులా పట్టుకుని, మలుపు వచ్చినప్పుడల్లా కూర్చున్న చోటే పక్కకు ఒరిగిపోయేది. పొయ్యి మీద అన్నం మాడిపోతుంటే స్రవంతి పరుగెత్తుకొచ్చేది. "అగో, ఎక్కడిదాక పోయినవే?" అంటే "వంతెన దాటిన బిడ్డా, ఇగ అచ్చేస్తన్న" అనేది. పుట్టిన నాటి నుంచి ఎవరో నడిపే బండిలో వెనక కూర్చున్న మనిషి ఆమె. బతుకులో మొదటిసారి ముందు సీటు దొరికింది, అది నా అరచేతంత ముఖం మీద. ఆ ఆనందంలో నాకూ వంతు దక్కింది. ఇంకో మేలు కూడా జరిగింది. ఆట దారుల పక్కన గుర్తుల పలకలుంటాయి, అక్షరాలు రానివాళ్లు కూడా చదవగలిగేవి. అవన్నీ ఆమెకు కంఠతా వచ్చాయి. నేర్చుకునేవాళ్ల లైసెన్సుకు కంప్యూటర్ ముందు పెట్టిన పరీక్షలో ఒక్కటీ తప్పు పోలేదు. ఆ రోజు నేను గర్వంతో వేడెక్కాను. ఛార్జింగ్ వల్ల అని స్రవంతి అనుకుంది.

అసలు బండి పరీక్షకు నెల గడువు ఉంది. బండ్లు నిలిపే ఆవరణలో రాజలింగు ఆటో తాళం ఆమెకిచ్చాడు. ఆమె నన్ను ముందున్న అరలో పెట్టింది. ఆ సీటు ఎక్కడం చూడాలి, ముప్పై ఏళ్లుగా నడుపుతున్న డ్రైవరులా ఎక్కింది. బండి కదిలింది. మలుపు దగ్గర బుచ్చవ్వ ఎడమ వైపుకు బాగా ఒరిగింది. బండి నేరుగా పోయింది.

"నువ్వు వంగితే బండి వంగుతదా బుచ్చవ్వా? హ్యాండిలు తిప్పు!" రాజలింగు పక్కనే పరుగెత్తాడు. "గేటు, గేటు! బ్రేకెయ్!"

ఆమె బ్రేకు వేసింది. అంటే నేను నేర్పిన బ్రేకు. ఎడమ బొటనవేలితో గట్టిగా నొక్కింది. ఆటోలో ఆ చోట ఉండేది హారను. అసలు బ్రేకు కుడి పాదం కింద ఉంది, నాకు పాదాల సంగతే తెలియదు. బండి పెద్దగా మోత మోగించుకుంటూ వెళ్లి గేటును గుద్దింది. గేటు ఊడి జవాను ఓదెలు మోటారుసైకిలు మీద పడింది. మనుషులెవరికీ ఏమీ కాలేదు.

రాజలింగు రొప్పుతూ వచ్చి చూశాడు. "ముప్పై ఏండ్ల సంది నడుపుతున్న. గింత మర్యాదగ చెప్పి గుద్దినోళ్లను చూడలే."

జవాను మాత్రం నవ్వలేదు. "అయిపోయింది. రేపు పొద్దుగాల చీపురు పట్టు."

"దసరా దాకా బండి నాది సారూ. ఎవలకు నేర్పాల్నో నా ఇష్టం" అన్నాడు రాజలింగు. ఆ ఒక్క మాటకు ఆయనకు నేను జన్మంతా రుణపడి ఉంటాను.

ఇంటికొచ్చాక బుచ్చవ్వ అలవాటు కొద్దీ నన్ను తీసింది. ఆటలో చెట్టును గుద్దింది. 'మళ్లీ' వెలిగింది. ఆమె దాన్ని నొక్కకుండా నన్ను బోర్లా పెట్టేసింది. నాకు తప్పు చేసిన భావన కలిగింది. నేను ఆమెకు దారి చూపించాను కానీ బరువు చూపించలేదు. బండి అంటే ముందు బరువు.

మర్నాటి నుంచి రాజలింగు పాఠం మారింది. ఇంజను ఆపి ఆమెను సీటులో కూర్చోబెట్టేవాడు. రెండు చేతుల బొటనవేళ్లకు చీర పీలికలు చుట్టి కదలకుండా చేసేవాడు. ఎదురుగా నిలబడి ఉన్నట్టుండి అరిచేవాడు.

"కోడి!"

ఆమె పాదం కిందికి దిగేది.

"కుక్క! ముసలవ్వ! జవాను!"

చివరి మాటకు పాదం కదల్లేదు.

"జవానస్తే ఆపవా?"

"ఆలోచిస్తున్ననే అన్నా" అంది బుచ్చవ్వ.

చుట్టూ ఉన్న ఆడవాళ్లు చీపుర్లు వదిలేసి నవ్వారు. అప్పుడే వెనక నుంచి వచ్చిన జవాను ఓదెలు కూడా మీసం చాటున నవ్వడం నేను అరలోంచి చూశాను.

తర్వాత బండి నిండా తడి చెత్త ఎత్తించి, డంపింగ్ యార్డుకు ఎక్కే ఏటవాలు దారి మధ్యలో ఆపించేవాడు. మళ్లీ బయలుదేరాలి, వెనక్కి జారకూడదు. మొదట్లో బండి జారేది, బుచ్చవ్వ గుండె కూడా జారేది. నా ఆటలో ఏ బండీ వెనక్కి జారదు. పది రోజులకు ఆమె పాదం వినడం నేర్చుకుంది. ఇంజను గొంతు ఎక్కడ మారుతుందో, బ్రేకు ఎక్కడ వదలాలో చెవి చెబుతుంటే పాదం వింటోంది.

పరీక్ష నాడు అధికారి ఆమెను పైనుంచి కిందిదాకా చూసి, వంతెన మొదట్లో ఉన్న ఎత్తు చూపించాడు. "నడిమిట్ల ఆపు. తర్వాత పోనియ్."

ఆమె ఆపింది. వెనక ఒక ట్రాక్టరు వచ్చి హారను మీద హారను కొట్టడం మొదలుపెట్టింది. బుచ్చవ్వ తొందరపడలేదు. బొటనవేళ్లు ఊరికే ఉన్నాయి. పాదం మెల్లగా పైకి లేచింది. బండి అంగుళం కూడా వెనక్కి పోకుండా వంతెన ఎక్కింది. అధికారి కాగితం మీద ఏదో రాసి, "ఎవలు నేర్పిన్రు?" అని అడిగాడు.

"రాజలింగన్న" అంది. అరలో ఉన్న నావైపు చూసి, "ఇంకోటి గూడ ఉన్నది. అది కతలు చెప్పింది" అంది.

కతలు చెప్పింది. నా గురించి అంత న్యాయంగా ఎవరూ మాట్లాడలేదు.

దసరా పొద్దున ఆవరణలో బండ్లన్నీ కడిగి పూజ చేశారు. ఆటోకు పసుపు, చీపురుకు పసుపు. బుచ్చవ్వ నన్ను తీసి సీటు మీద పెట్టి కుంకుమ బొట్టు పెట్టబోయింది.

"ఆ డబ్బకెందుకే బొట్టు? గేటు గుద్దిచ్చింది అదేనాయె!" అన్నాడు రాజలింగు.

"ఆ సీట్ల కూసోవాల్నని ఆశ పెట్టింది గూడ ఇదేనే అన్నా."

మా ఆటలకు అంతే చేతనవును, ఆశ పెట్టడం. అదేమీ చిన్న సంగతి కాదని ఆ బొట్టు పడిన నాడు తెలిసింది.

ఇప్పుడు నా నివాసం ఆటో ముందరి అరలో, ఒక పాత తువాలు మడత మీద. ఆట ఇంకా నాలో ఉంది, కానీ దాన్ని తెరిచే తీరిక ఆమెకు లేదు. దగ్గు తగ్గింది. పొద్దున ఏడింటి నుంచి వీధివీధి నుంచీ నాకు పిలుపులు వస్తూనే ఉంటాయి. చెత్తబండి ఎక్కడిదాకా వచ్చిందని, తడిచెత్త డబ్బా బయట పెట్టాలా అని. నేను గొంతు చించుకుని మోగుతాను. బుచ్చవ్వ కళ్లు దారి మీదే ఉంటాయి, నావైపు తిరగవు. బండి పక్కకు తీసి, పూర్తిగా ఆపి, అప్పుడు చెయ్యి చాపుతుంది. అందాకా నేను మోగుతూనే ఉంటాను. ఫోన్‌గా పుట్టి, ఎత్తకుండా ఉంచినందుకు ఒక మనిషికి ఇంత కృతజ్ఞతగా ఉంటానని నేను ఎన్నడూ అనుకోలేదు.